పని ఎక్కువుండే పంట

“ఆంటీ, మళ్లీ చెప్తున్నా. ఆలివ్ వేయండి,” అంది బిందుమాధవి.

పండ్లతోటలకు సలహాలివ్వడం ఆమె ఉద్యోగం. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి గాలర్ ఊరు దాటి ఈ ఆరెకరాల దగ్గరికి ఒక్క నెలలో మూడుసార్లు వచ్చింది. మట్టి పరీక్ష చేయించింది. బోరు నీళ్లు చూసింది. ఏ పంట వేయాలో మాత్రం ఇంకా తేలలేదు.

“చలికాలం వాన, వేసవంతా ఎండ. ఆలివ్‌కి ఇలాంటి చోటే పుట్టిల్లు. ఏడాదికి ఒక్క కోత. కాంట్రాక్టర్ మెషీన్ తెచ్చి ఒక్క రోజులో దులిపేసి తీసుకెళ్తాడు. మీరు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు.”

“అదే వద్దంటున్నా,” అంది శ్యామసుందరి.

ఆమె భర్త శేషాచలం కారు తలుపు తెరుచుకుని సీట్లోనే కూర్చున్నాడు. ఇంజనీరుగా రిటైరై రెండేళ్లయింది. ఇంట్లోనూ అంతే. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే ఆమె పిలిచేదాకా లేవడు. బయటికెళ్తే మాటలన్నీ ఆమే మాట్లాడాలి. ఈ పొలం కూడా ఆమె పట్టుబట్టి కొన్నదే.

“పోనీ దానిమ్మ?” అంది శ్యామసుందరి.

“మంచిదే ఆంటీ. కోశాక చాలా రోజులు నిలవుంటుంది. హోల్‌సేల్ వాళ్లే వచ్చి పట్టుకెళ్తారు.”

“బాదం?”

“అదీ మెషీనే.”

“మరి అంజూర?”

బిందుమాధవి నిట్టూర్చింది. “డబ్బులొస్తాయి, కాదనను. కానీ పండే రోజుల్లో పొద్దున్నే లేచి చేత్తో కోయాలి. పిట్టలు కొట్టకుండా వలలు కట్టాలి. రెండు రోజులాగితే మెత్తబడిపోతాయి. అందుకే పెద్ద షాపులవాళ్లు తీసుకోరు. వారం వారం మార్కెట్‌లో స్టాల్ పెట్టి, వచ్చినవాళ్లందరితో మాట్లాడి అమ్ముకోవాలి. చలికాలం కొమ్మలు కత్తిరించాలి. ఈ వయసులో అంకుల్‌కి ఎందుకాంటీ ఈ స్ట్రెస్?”

“కాపు ఎప్పుడొస్తుంది?”

“అమ్ముకునేంత కాపంటే మూడో ఏడు.”

“అదే వేద్దాం.”

శేషాచలం కారులోంచే అన్నాడు. “శ్యామా, ఆ అమ్మాయి అంతలా చెప్తోంది కదా. నా మోకాళ్ల సంగతి నీకు తెలీదా?”

“నడుస్తుంటే అవే సర్దుకుంటాయి.”

“నలుగురిలో నిలబడి పండ్లమ్మడం నావల్ల కాదు.”

“అలవాటవుతుంది.”

“ముందునుంచీ నీ మాటే. నా మీద కాస్త కూడా జాలి లేదు నీకు.”

ఆమె కాసేపు కారు బానెట్‌కి ఆనుకుని నిలబడింది. తర్వాత బిందుమాధవి చేతిలోంచి మొక్కల ఆర్డర్ కాగితం అందుకుని, నింపి, పెన్నుతో సహా ఆయన ఒళ్లో పెట్టింది.

“మీ పేరునే రాశాను. సంతకం పెట్టండి.”

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. వాదించే ఓపిక లేక సంతకం పెట్టాడు.

ఇంత మొండి మనిషితో ఈ పెద్దాయన ఇన్నేళ్లు ఎలా వేగాడో అనుకుంటూ బిందుమాధవి తన కారెక్కింది.

ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో ఇతరుల స్కాన్లు చదివిన డాక్టర్ శ్యామసుందరి పోయిన నెల తన స్కాన్ తనే చదువుకుంది, తనకు మిగిలింది ఈ ఒక్క చలికాలమేనని ఆయనకింకా చెప్పలేదు.