ఎండిన నోరు

జహీరాబాద్ దవాఖానలో డాక్టరు ముందు కూర్చుని మా అత్త దేవమ్మ నా మీద ఫిర్యాదు చేస్తోంది.

“కోడలికిచ్చిన దిగులు గోలీలు బంద్ చెయ్యుండ్రి సారూ. నోరెండుతుందని చెంబులకు చెంబులు నీళ్లు తాగుతది. గా ఎండిన నోటితోనే నాకు ఎదురు జవాబిస్తది!”

నాకు భయమేసింది. గోలీలు ఆపితే మళ్లీ గోడవైపు తిరిగి పడుకోవడమేనా? అయినా ఆ జవాబులిచ్చేది నేనో, గోలీయో!

“అంతకుముందు?” అన్నాడు డాక్టరు.

“నేనేమన్నా మూలకు కూసోని ఏడ్చేది. బంగారమసొంటి పిల్ల!”

“అయితే మందు పనిచేస్తోందమ్మా. ఆపొద్దు.”

ఇంతలో బయటినుంచి మామయ్య అరిచాడు. “ఏందే, ఇంకెంత సేపు నిలవడాలె నేను?”

అత్త ఉలిక్కిపడింది. కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించింది.

“జర నాకు గూడ రాయుండ్రి సారూ.”