మూడుసార్లు వచ్చిన రూటర్

గుడ్డసంచీలో రూటర్ పెట్టుకుని ఆ పెద్దాయన మూడోసారి వచ్చాడు.

ఇంజనీరమ్మ కీబోర్డు మీంచి చేతులు తీయలేదు. పొద్దుటి నుంచి నాలుగు ఫిర్యాదులు, రెండు మీటింగులు. ఇప్పుడు ఈయన.

ఫిర్యాదు పాతదే. కంపెనీ అప్‌డేట్ పంపినప్పుడల్లా ఆయన రూటర్లో పెట్టుకున్న సెట్టింగులు చెరిగిపోయి, కంపెనీ పెట్టిన మొదటి సెట్టింగులు వచ్చి కూర్చుంటున్నాయి. మంచాన ఉన్న భార్య నొక్కే గంట ఆ రూటర్ మీదే పనిచేస్తుంది. అప్‌డేట్ వచ్చాక ఆమె నొక్కుతూనే ఉంటుంది. పక్క గదిలో మోగదు.

మళ్లీ పెట్టుకోండి, రెండు నిమిషాల పని అంది, ఇంతకుముందు రెండుసార్లు చెప్పినట్టే.

"పెట్టుకుంటాను తల్లీ. పోయిందని నాకెలా తెలియాలి? ఆవిడకి గొంతు లేవదు."

వేల ఇళ్లకు వెళ్లేదాన్ని ఒక్క గంట కోసం మార్చలేమని ఆమె వివరించింది. వివరిస్తున్నకొద్దీ తన గొంతు పెరగడం తనకే వినిపిస్తోంది.

చిరాకు ఆయన మీద కాదేమో. అప్‌డేట్‌లో సెట్టింగులు పెట్టే ఆ భాగం తన చేతి పని. మూడు నెలల కిందట పాత కోడ్‌లోని చెత్తంతా ఊడ్చి, నలభై లైన్లను పదహారు చేసి, అందరిచేతా శభాష్ అనిపించుకుంది. అందులో ఎవరో దారినపోయే ఆయన వేలు పెట్టడమేమిటి?

ఆయన స్క్రీన్ వైపు చూడలేదు. కిటికీ పక్కనున్న ఆమె కుర్చీని చూశాడు.

"మూడింటికి ఇక్కడ ఎండ కళ్లలో పడుతుంది. తెర వేసుకో," అన్నాడు.

తర్వాత నెమ్మదిగా, "ఏదైనా పెట్టేముందు ఒకసారి చూడాలమ్మా. ఉన్నదాన్ని ముట్టుకోకు. లేనిచోటే పెట్టు."

"ఇవన్నీ మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు," అని సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

మీ చుట్టం మళ్లీ ఎప్పుడొస్తాడని పక్క సీటతను నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. 'వాడేవారి పొరపాటు' అని రాసి ఫిర్యాదు మూసేసింది.

తర్వాతి అప్‌డేట్ వెళ్లిన వారానికి సంచీ ఒక్కటే వచ్చింది. రూటర్ లోపలే ఉంది. ఆయన కూతురట, రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్లింది. ఇంట్లో ఇక గంట నొక్కేవాళ్లు లేరని, నాన్న ఇచ్చేయమన్నారని చెప్పిందట.

ఆమె రూటర్‌ను బల్ల మీద పెట్టుకుని వైరు తగిలించింది. ఆయన పెట్టుకున్నవి ఒక్కటీ లేవు. అన్నీ తను పంపినవే.

మూడయింది. ఎండ కళ్లలో పడింది. లేచి తెర లాగింది.

ఊడ్చేయకముందున్న కోడ్ పాత ప్రతిని, చదవకుండానే చెత్త అనుకున్నదాన్ని, మొదటిసారి మొత్తం తెరిచింది.

అనవసరమని తాను కొట్టేసిన ఒక లైను పైన, పద్నాలుగేళ్ల కిందట ఇదే కుర్చీలో కూర్చున్న మనిషి, తర్వాత వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టిన మాట ఉంది: "ఉన్నదాన్ని ముట్టుకోకు. లేనిచోటే పెట్టు."