గోనెసంచిలో ఈల

అయినా పాతది మాత్రం పనిచేయదా ఏంటి, అనుకున్నాడు మెకానిక్ గున్నేశ్వరరావు. రోటరీ ఇంజనుకు ఇంకా పవర్ కావాలని భానుతేజ తన స్పోర్ట్స్ కారుకు ఈలవేస్తూ ఇంజనులోకి గాలిని నెట్టే కొత్త టర్బోల జత తెప్పించాడు. ఒకటి గున్నేశ్వరరావు చేతిలోంచి జారి పడి వంకరపోయింది. సిగ్గుతో దాన్ని గోనెసంచిలో చుట్టి బల్లకింద దాచి, ఆ చోట పాతదాన్నే బిగించాడు.

సాయంత్రం భానుతేజ ఫోన్ చేశాడు. "రెండూ వేసేశారాండి?"

"ఆయ్, రెండూ కొత్తవేనండి. రేపు గట్టు రోడ్డంతా మీదే," అని నవ్వాడు గున్నేశ్వరరావు.

రాత్రి షెడ్డులో ఇంజను నడిపి చూస్తుంటే ఆ నవ్వు గుర్తొచ్చి చెవులు కాలాయి. రేపు ఆ వేగంలో పాతది పగిలితే?

ఇంజను ఆపి తాళంచెవి తీశాడు. టర్బో ఈల ఆగలేదు. బానెట్‌కు చెవి ఆనించాడు. లోపల ఏ చప్పుడూ లేదు. ఈల బల్లకింద నుంచి వస్తోంది.

భానుతేజకు ఫోన్ చేశాడు. "చెప్పండి గున్నేశ్వరరావుగారూ," అన్నాడు భానుతేజ, నిద్రగొంతుతో.

గున్నేశ్వరరావు వంగి, ఫోన్‌ను గోనెసంచి దగ్గర పెట్టాడు.