ఆరో మనిషి

ఊపిరందని రోగిని బోర్లా తిప్పాలంటే ఆరుగురు కావాలి. తల దగ్గర ఒకరు, పక్కల్లో నలుగురు, కాళ్ల దగ్గర ఒకరు. తల దగ్గరున్నవాళ్లు చెప్పిందల్లా మిగతావాళ్లు పైకి తిరిగి అనాలి. అనకపోతే విననట్టే లెక్క.

శిక్షణ గదిలో మంచం మీద రబ్బరు బొమ్మ. చుట్టూ ఆరుగురు మెడికల్ విద్యార్థులు, తల నుంచి కాలిగోటి దాకా తెల్లటి రక్షణ దుస్తుల్లో. ముఖాలు కనబడవు. గుండెల మీద మార్కర్‌తో రాసుకున్న ముద్దుపేర్లే ఆనవాలు.

ప్రొఫెసర్ మహమ్మారి వార్డు నుంచి సరాసరి వచ్చాడు. ఆయన చూపు కాళ్ల దగ్గర నిలబడ్డ ‘పిచ్చుక’ మీద ఆగింది.

"నువ్వెవరు?"

గది బిగుసుకుపోయింది.

"పిచ్చుకే కదండీ," అన్నాడు ‘లాయరు’. అందరి తరఫునా వాదిస్తాడని వాడికా పేరు.

"నిన్నడగలేదు."

మాస్కు లోపల్నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"పిచ్చుక చెల్లెల్ని సార్. ఫస్టియర్. అక్కకి జ్వరం, మన ఆసుపత్రిలోనే ఉంది. ఇంకొక్క క్లాసు పోతే పరీక్షకి కూర్చోనివ్వరట. నిన్న ఫోన్‌లో మాట్లాడింది సార్. సోమవారానికల్లా వచ్చేస్తానంది."

"అయితే అంతా కూడబలుక్కునే చేశారన్నమాట."

"జట్టుగా పనిచెయ్యమన్నది మీరేగా సార్," గొణిగాడు ‘బండోడు’. ఎవరో కిసుక్కుమన్నారు.

ఆయన నవ్వలేదు. తిట్టనూ లేదు. జేబులో ఫోను మోగింది. వార్డు నుంచి. కట్ చేశాడు.

లాయరు ఆగలేకపోయాడు. "కళ్లు కూడా సరిగ్గా కనబడట్లేదు, ఎలా పట్టేశారు సార్?"

ఆయన బల్ల మీది హాజరు రిజిస్టరు అందుకున్నాడు.

"అక్కకి హాజరు వేస్తారా సార్?" చెల్లెలు అడిగింది.

ఆయన రిజిస్టరు తెరిచి టిక్కు పెట్టాడు. తల దగ్గరున్నవాణ్ని పక్కకి జరగమని, బొమ్మ తల తనే పట్టుకున్నాడు.

"కాళ్లు పట్టుకో. మూడు అనగానే తిప్పాలి. ఎక్కడైనా తేడా కనిపిస్తే, ఎదురుగా ఎంత పెద్దవాడున్నా సరే, ఆ క్షణమే నోరు తెరిచి చెప్పాలి. తెలిసీ చెప్పనివాడు జట్టుకి పనికిరాడు."

"పనికిరాడు సార్," అని అందరూ తిరిగి అన్నారు.

"ఒకటి."

"ఒకటి!" చెల్లెలి గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది.

ఆ పొద్దున ఆరు గంటలకి వార్డులో పిచ్చుక మరణపత్రం మీద ఆయనే సంతకం పెట్టి వచ్చాడు.