పడవ తాతకు మందు

ఆటో దిగి చెప్పులైనా విడవకుండా స్వప్నిక అడిగిన మొదటి మాట, “తమ్మీ, నా పాత కథ భద్రంగ ఉన్నదా?”

కల్యాణ్ ఆమె బ్యాగు అందుకున్నాడు. అక్క చేతిలో కొత్త గేమ్ డబ్బా ఉంది. పెళ్లికి ముందు ఏడాది పొడుగునా ఆమె ఈ ఇంట్లోని కంప్యూటర్‌లో ఆడిన ఆటకు ఇప్పుడు రెండో భాగం వచ్చింది. సేవ్ చేసి దాచుకున్న పాత ఆటను ఇందులోకి తెచ్చుకుంటే కథ అక్కడి నుంచే సాగుతుంది. అప్పుడు కాపాడినవాళ్లు దండం పెడతారట, వదిలేసి పోయినవాళ్లు ఎదురుపడి నిలదీస్తారట. దానికోసమే గండిపేట నుంచి వారం రోజులకని పుట్టింటికి వచ్చేసింది.

“ఉన్నదక్కా,” అన్నాడు కల్యాణ్.

లేదు. అక్క అత్తారింటికి వెళ్లిన వారానికే, ఇల్లు బోసిపోయిందన్న ఉక్రోషంతో, ఆమె దాచుకున్న ఆట మీదే తన ఆటను దాచేశాడు. ఏడాది కథ ఒక్క నొక్కుతో తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత ఎంత కుమిలిపోయినా అక్కకు చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడూ రాలేదు.

అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా. ఆమె స్నానానికి పోగానే కల్యాణ్ కంప్యూటర్‌ను స్నేహితుడు సాయి కిరణ్ బైక్ మీద మొయినాబాద్‌లోని అతని గదికి చేరవేశాడు. అది చెడిపోయిందనీ, రిపేరు చేయించి ఆదివారానికల్లా తెస్తాననీ అక్కకు చెప్పాడు.

ఇక ఆ వారమంతా గచ్చిబౌలి ఆఫీసు నుంచి నేరుగా చేవెళ్లలోని ఇంటికి రావలసినవాడు మొయినాబాద్‌లోనే బస్సు దిగిపోయేవాడు. సాయి కిరణ్ గదిలో కూర్చుని మొదటి భాగాన్ని మళ్లీ మొదటి నుంచి ఆడుకొచ్చాడు, అక్క ఎట్లా ఆడి ఉంటుందో అట్లా. అదేమంత కష్టం కాలేదు. వీధికుక్కకు ముద్ద పెట్టనిదే తను తినని మనిషి ఆమె. అందుకని దొరికిన దొంగను క్షమించి వదిలేశాడు, దిక్కులేని పిల్లను వెంట తీసుకుపోయాడు, రాజుకు ఎదురు చెప్పాడు. ఆలస్యంగా ఇల్లు చేరితే అమ్మ తిట్లు, ఆఫీసులో పని ఎక్కువైందని ఇంకో అబద్ధం.

చివర ఒక్కచోట చిక్కుపడ్డాడు. ఏరు దాటించే పడవ తాత జ్వరంతో పడిపోతాడు. సంచిలో మందు మిగిలి ఉంటే తాగించి బతికించుకోవచ్చు. లేకపోతే ఒడ్డునే వదిలేసి పోవాలి. మరి అక్కకు మందు మిగిలిందా?

మరునాటి సాయంత్రం మొయినాబాద్‌లో దిగకుండా నేరుగా చేవెళ్లకే వచ్చాడు. స్వప్నిక అప్పుడు నాన్న కిరాణా కొట్లో గల్లా దగ్గర కూర్చుని ఉంది. నాన్న వెంకటేశం అప్పుడే దేవుడి పటం ముందు దీపం పెట్టి, బేరాలు చూసుకుంటున్నాడు. కల్యాణ్ రెండు పల్లీలు నోట్లో వేసుకుని మాటవరసకన్నట్టు అడిగాడు. “అక్కా, పడవ తాత పడిపోయినప్పుడు నీ సంచిల మందున్నదా?”

ఆమె దీపం వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి, “నిండుకున్నది,” అంది.

ఆరో తరగతి నుంచి హాస్టల్ మెతుకులు తిన్న కల్యాణ్‌కు ఆ మాట నిండుగానే వినిపించింది. మరునాడే మొయినాబాద్‌లో దిగి తాతకు మందు తాగించాడు. తాత లేచి కూర్చున్నాడు. కల్యాణ్‌కు కూడా ప్రాణం లేచివచ్చినట్టయింది.

ఆదివారం కంప్యూటర్ ఇంటికి వచ్చింది. పాత కథ తెచ్చుకుంటారా అని కొత్త ఆట అడిగితే స్వప్నిక అవునని నొక్కింది. దొంగ ఎదురొచ్చి దండం పెట్టాడు. దిక్కులేని పిల్ల పెద్దదై పరుగెత్తుకొచ్చింది. అన్నీ సరిపోయాయి. అక్క మురిసిపోతుంటే తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో ఏటి ఒడ్డున పడవ ఆగింది. తాత దిగివచ్చి, నీ మందుతోనే బతికినాను తల్లీ అంటూ చేతులు జోడించాడు.

స్వప్నిక మౌస్ మీది నుంచి చేయి తీసేసింది.

“ఇది నా కథ కాదు తమ్మీ.”

ఇక దాచి లాభం లేదని కల్యాణ్ జరిగిందంతా చెప్పేశాడు. “మాఫ్ చెయ్యక్కా,” అన్నాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. చిన్నతనంలోలాగా తల నిమిరి, పోనీలేరా, ఆటే కదా అంది.

“మరి నువ్వే గద నిండుకున్నదంటివి?”

“దుకాణంల దీపం ముంగట అయిపోయిందని ఎవరన్న అంటరా? అందుకే నిండుకున్నదంటరు. సేటు కొడుకువై గది గూడ తెల్వదా?”

ఆ మందు ముందే అమ్మేసి వెండిపిడి కత్తి కొనుక్కుందట. తాతను ఒడ్డునే వదిలేసిందట. ఆయన వెనక నుంచి బిడ్డా, బిడ్డా అని పిలుస్తున్నా వినపడనట్టే వెళ్లిపోయిందట. చెబుతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటి నుంచి ఆ పిలుపు చెవుల్లోంచి పోలేదట. రెండో భాగంలో ఆయన ఎదురుపడితే తప్పు ఒప్పుకుందామనే వచ్చిందట.

కల్యాణ్‌కు మనసు తేలికపడింది. “అయితె మంచిదే అయింది గదక్కా. తాత బతికిండు. నీ మీద కోపం గూడ లేదు.”

తెర మీద తాత చేతులు జోడించుకునే ఉన్నాడు. స్వప్నిక ఆయన వంకే చూస్తూ అంది.

“నువ్వైతె నన్ను మాఫీ అడిగినవ్ తమ్మీ. నేనిప్పుడు ఎవర్నడగాలె?”