వేరు పట్టే చోటు

“కాస్త చురుక్కుమంటుంది. కదలకండి,” అంది డాక్టరమ్మ.

బోర్లా పడుకున్న అతడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చర్మం కిందికి ఉప్పునీరు చేరే కొద్దీ తల వెనకభాగం బిగుసుకుని ఉబ్బుతోంది. మత్తు వల్ల నొప్పి తెలియడం లేదు గాని, తల తనది కానట్టుంది.

“ఈ నీరెందుకండీ?” ఆస్పత్రి గౌను తొడుక్కుని పక్కన కూర్చున్న భార్య అడిగింది.

“చర్మం బిగిస్తే వెంట్రుక నిటారుగా నిలబడుతుందమ్మా. కుదురు తెగకుండా పైకొస్తుంది. రక్తమూ తక్కువ పోతుంది.”

“మా పెళ్లిలో కూడా ఈయన ఇంతసేపు తల వంచలేదు డాక్టరుగారూ!”

సిస్టర్ నవ్వింది. అతడు నవ్వలేదు.

అతని భయం సూది గురించి కాదు, వెంట్రుకలు తీయడం గురించీ కాదు. భయమంతా నాటే చోటు గురించి. అది కాలిన మచ్చ. నాలుగేళ్ల వయసులో పొయ్యి మీది నీళ్ల గిన్నెను కాడ పట్టుకుని లాగింది అతడే. తరవాతి సంగతులన్నీ ఆ గిన్నె వెంటే దొర్లుకుంటూ వచ్చాయి. బడిలో వెక్కిరింతలు. కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధాలు. ఇంట్లో ఏ ఫొటో చూసినా, ఆ మచ్చ మీద టోపీ. దువ్వెన చేతికి తీసుకున్న ప్రతిసారీ అతనికి అదే గుర్తుకొచ్చేది.

నిరుడు వేరేచోట ఒకసారి నాటించారు. అక్కడి డాక్టరుకు తొందర ఎక్కువ. మంచి చర్మంలోకి ఎక్కించినట్టే మచ్చలోకీ నీరు ఒక్క ఊపున తోసేశాడు. బిరుసెక్కిన చర్మం సాగలేదు. ఆ ఒత్తిడికి, అసలే అంతంతమాత్రంగా ఉన్న రక్తనాళాలు నలిగిపోయాయి. మచ్చ సున్నం కొట్టినట్టు తెల్లబడి, వారం తిరక్కుండా నల్లబడింది. ఉన్న కొద్దిపాటి మంచి వెంట్రుకలూ అలా మట్టిపాలయ్యాయి. పుండు మానడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు.

“డాక్టరమ్మా, ఈసారీ అలాగే అయితే?”

“మూడోసారి ఆ చర్మం తట్టుకోదు. అందుకే బొట్టు బొట్టుగా ఎక్కిస్తాను. రంగు మారుతోందంటే కాసేపు ఆపి మళ్లీ మొదలెడతాను, సాయంత్రమైనా సరే. నాటడం కూడా దూరం దూరంగా నాటుతాను. గాయానికీ గాయానికీ మధ్య రక్తం తిరగాలి కదా.”

“ఒళ్లు ఒప్పుకుంటుందంటారా?”

“పరాయి వెంట్రుకైతే ఒప్పుకోదు. మీ విషయంలో ఆ బెంగ లేదు.”

“ఆయనకి బెంగ లేకపోతే పొద్దుపోదండీ,” అంది భార్య. అతని చేతిమీది చెయ్యి మాత్రం తీయలేదు.

కుదుళ్లు ఒక్కొక్కటే పైకి వచ్చి చల్లటి పళ్లెంలో చేరుతున్నాయి. అతడికి అవి కనిపించడం లేదు. అయినా ‘బతకండర్రా’ అని లోలోపల వాటిని బతిమాలుకున్నాడు.

“ఎన్ని కావాలో అన్నీ తీసేయండి,” అన్నాడు పైకి. “వెనక మిగల్చాలని చూడకండి.”

“గుండు చేసి పంపిస్తే మీ ఆవిడ నన్ను వదులుతుందా?”

“నాదేం పోయిందండీ! అద్దంలో చూసుకునేది ఆయనే.”

చివరికి తల వెనక కట్టు కట్టారు.

“మీ పని అయింది. నెమ్మదిగా లేచి కూర్చోండి,” అంది డాక్టరమ్మ.

అతడు లేచి కూర్చున్నాడు. కళ్లు తిరిగినట్టవడంతో భార్య అతని భుజం పట్టుకుంది. సిస్టర్ ఒక చేత్తో పళ్లెం జాగ్రత్తగా పట్టుకుని, రెండో చేత్తో గది మధ్య వేలాడే తెర పక్కకు లాగింది.

అవతలి బల్ల మీద, నెత్తంతా కాలిన మచ్చతో, అచ్చం అతని మొహమే ఉన్న కవల తమ్ముడు ఇటు తిరిగి, “బాగా నొప్పేసిందా అన్నయ్యా?” అన్నాడు.