రేచుకుక్కలు తరిమిన రోజు

అడవిలో గుంపుగా తిరిగే రేచుకుక్కలు మెరుపులా వచ్చి పట్టుకోవు. వెంటాడి వెంటాడి, అలసి పడిపోయినదాన్ని తింటాయి. అలా అక్కను పోగొట్టుకున్న ఒక పడుచు దుప్పి, తన వంతు రాకూడదని రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తేది. మధ్యాహ్నానికల్లా గుట్ట కింద కూలబడేది.

చెవి చిరిగిన ముసలి మనుబోతు జింక అది చూసి మండిపడింది. "రోజూ నిన్ను నువ్వే చంపుకుంటే ఇక కుక్కలకు పనేముందే? నాతో కబుర్లు చెబుతూ పరుగెత్తు. వారానికొక్కసారి గుట్ట ఎక్కేటప్పుడు బలమంతా పెట్టు. మర్నాడు హాయిగా పడుకో."

"ఇంత నెమ్మదిగానా తాతా? నత్తలు నవ్వుతాయి!"

"నవ్వనీ! నత్తల్ని ఏ కుక్కా తరమదు. నిన్ను తరుముతుంది."

దుప్పి రోషం దిగమింగి, చెప్పినట్టే చేసింది. మూడు నెలలకు కుక్కలు రానే వచ్చాయి! కాళ్లు ఎగిరిపోదామన్నా దుప్పి వాటిని అదుపులో పెట్టింది. ఒక వాగు దాటింది, రెండు గుట్టలు దాటింది. వెనక కుక్కలు ఒక్కొక్కటే రాలిపోయాయి. చివరికి నాయకుడొక్కడే మిగిలాడు.

"ఇంకా ఎంతదూరమే?" అన్నాడు రొప్పుతూ.

"నువ్వు ఆగేదాకా మామా!" అంటూ దుప్పి మూడో గుట్ట మీదికి దూసుకుపోయింది.

మామ ఆగాడు.